క్లచ్ వదిలితే టక్కుమనే ఇంజన్

మా గ్యారేజీలో మినీ మార్కోస్ (మినీ కారు భాగాలతో కట్టుకునే కిట్ కారు) కట్టడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మా ఆవిడకైతే నెలలు, రోజులతో సహా లెక్క తెలుసు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో ఇలా కిట్ తెచ్చుకుని ఇంట్లో కారు కట్టుకునేవాళ్లు కొత్తేం కాదు గానీ, మా తెలుగు స్నేహితులకి మాత్రం నేనింకా వింత జీవినే. సరే, పోయిన నెల మొదటిసారి సిగ్నల్ దాకా తీసుకెళ్లా. పచ్చలైటు పడింది, క్లచ్ వదిలా, కాళ్ల ముందు నుంచి "టక్" అని శబ్దం. గేర్ రాడ్ దానంతటదే అంగుళం కదిలి మళ్లీ వెనక్కొచ్చింది. యాక్సిలరేటర్ వదిలితే ఇంకో టక్.

ఇంటికొచ్చి బానెట్ ఎత్తి, ఇంజన్ పైభాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగి చూశా. వదులు పన్నులా ఊగుతోంది. సైలెన్సర్ పైపు మానిఫోల్డ్‌కి (ఇంజన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టాలకి) కలిసేచోట అప్పుడే సన్నటి పగులు, చుట్టూ నల్లటి మసి.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్లు విప్పి బిగించిన బాబాయికి ఫోన్ చేశా. "మౌంటింగ్ రబ్బర్లు పోయుంటాయిరా, రెండూ మార్చెయ్" అన్నాడు. ఇంజన్ని మోసే రబ్బరు దిమ్మలన్నమాట. మార్చా. కొత్త రబ్బర్లతో కూడా ఊగుడు ఊగుడే, కాస్త నెమ్మదిగా ఊగింది అంతే.

ఇక్కడ అంబాసిడర్‌కీ మినీకీ ఉన్న తేడా నా బుర్రకి ఆలస్యంగా ఎక్కింది. అంబాసిడర్‌లో ఇంజన్ పొడవునా కూర్చుంటుంది, క్రౌన్ పినియన్, అంటే చక్రాలకి వెళ్లేముందు చివరిగా టార్క్‌ని (తిప్పే బలాన్ని) పెంచే గేర్లు, ఎక్కడో వెనక యాక్సిల్‌లో ఉంటుంది. అక్కడ పెరిగే టార్క్‌ని యాక్సిల్, స్ప్రింగులు చూసుకుంటాయి, ఇంజన్ మౌంటింగుల దాకా రాదు. మినీలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, దాని కిందే గేర్‌బాక్స్, క్రౌన్ పినియన్ చేసే పనే చేసే ఫైనల్ డ్రైవ్ కూడా అందులోనే, మొత్తం ఒకే ముద్ద. చక్రాలని తిప్పే టార్క్ అంతా ఎదురుతిరిగి ఆ ముద్ద మీదే పడుతుంది. నాది మెట్రో అనే పాత బ్రిటిష్ కారు నుంచి తీసిన 1275 సీసీ ఇంజన్, టార్క్ సుమారు 95 న్యూటన్ మీటర్లు. దాన్ని ఫస్ట్ గేర్ 3.65 రెట్లు, ఫైనల్ డ్రైవ్ ఇంకో 3.44 రెట్లు పెంచుతాయి. గుణిస్తే దాదాపు 1,200 న్యూటన్ మీటర్లు. ఇంజన్ ఊగకుండా దాని పైభాగాన్ని వెనక గోడకి పట్టి ఉంచే స్టెడీ బార్ ఇరుసుకి ఓ 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, మౌంటింగులు మోసేది పక్కనపెడితే, దాని మీద పడే తోపు మూడొందల కిలోల దాకా వెళ్లొచ్చు. అంత తోపుని ఆపాల్సింది బార్ కొసలో ఉండే బొటనవేలంత రబ్బరు బుష్! అసలు మినీల్లో కూడా ఈ బుష్‌లు త్వరగా అరిగిపోతాయని అందరూ తిట్టుకునేది ఊరికే కాదు.

అప్పుడు చేసిన తప్పు చెప్తా. ఊగుతోంది కదా అని కోపంతో మౌంటింగులు, స్టెడీ బుష్‌లు అన్నీ రబ్బరు కంటే గట్టిగా, ప్లాస్టిక్‌లా ఉండే పాలీయూరిథేన్‌వి తెప్పించి బిగించా. స్టార్ట్ చేస్తే డ్యాష్‌బోర్డు తేనెటీగల తుట్టెలా మోగింది, అద్దంలో వెనక కారు కనపడదు, రంగుల మరకే కనపడుతుంది. పోనీ టక్ పోయిందా అంటే అదీ లేదు.

మళ్లీ బాబాయికి వీడియో కాల్. ఫోన్ బానెట్ కింద స్టాండ్‌కి పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫస్ట్‌లో క్లచ్ కొంచెం కొంచెం వదిలా, తర్వాత రివర్స్‌లో. (ఇలా చేసేటప్పుడు కారు ముందూ వెనకా మనుషులెవరూ ఉండకూడదు, పిల్లల్ని లోపలికి పంపించేయండి.) బాబాయి రెండుసార్లు చూసి, "ఇంజన్ సంగతి తర్వాత, ముందు ఇంజన్ వెనకున్న ఆ గోడ చూడరా, గోడే కదుల్తోంది" అన్నాడు.

నిజమే. మినీకి ఆ గోడ ఉక్కు రేకు. మార్కోస్ బాడీ మొత్తం ఫైబర్‌గ్లాస్, ముందొక మినీ సబ్‌ఫ్రేమ్ (చక్రాలని మోసే ఉక్కు చట్రం), వెనకొకటి బిగిస్తారు, వేరే ఛాసిస్ ఉండదు. 1966లో ల మాన్స్ 24 గంటల రేసు పూర్తిచేసిన ఒకే ఒక్క బ్రిటిష్ కారు ఇలాంటిదే, 15వ స్థానంలో వచ్చింది, కాబట్టి బాడీ బలం గురించి నాకు అనుమానం లేదు. కానీ స్టెడీ బార్ బోల్టు ఒక్కచోట పొడిస్తే ఫైబర్ అప్పడంలా వంగుతుంది. దగ్గరగా చూస్తే బోల్టు చుట్టూ పెయింట్‌లో సాలెగూడు లాంటి పగుళ్లు. గట్టి బుష్ వేశాక తోపంతా మెత్తబడకుండా నేరుగా గోడకే తగిలింది మరి.

గోడని వదిలేశా. 4 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటుతో సబ్‌ఫ్రేమ్‌లో పైకి లేచిన టవర్ మీదకి బ్రాకెట్ చేయించి, స్టెడీ బార్ రెండో కొస దానికి కట్టా. కింద గేర్‌బాక్స్ నుంచి సబ్‌ఫ్రేమ్‌కి ఇంకో బార్. గ్యాస్ కొట్టినప్పుడు ఇంజన్ తల వెనక్కి వాలుతుంది, పాదాలు ముందుకి జారతాయి, అందుకే రెండుచోట్లా పట్టుకోవాలి. బరువు మోసే రెండు మౌంటింగులకీ మళ్లీ మామూలు రబ్బరే వేశా, పాలీ బుష్‌లు స్టెడీలకి మాత్రమే. బార్లు బిగించేముందు ఇంజన్ని రెండుమూడుసార్లు ఊపి వదిలేసి, అది ఎక్కడ ఆగితే అక్కడికే బార్ పొడవు సరిచేశా. లాగిపెట్టి బిగిస్తే ఇంజన్ ఎప్పుడూ ఒకవైపు ఒరిగి రబ్బర్లని నలుపుతూనే ఉంటుంది. సైలెన్సర్ పైపుని గేర్‌బాక్స్‌కి పట్టే క్లిప్పు అసలు లేనే లేదని కూడా అప్పుడే చూశా. పగులుకి సగం కారణం అదే, ఇంజన్ ఒకవైపు, పైపు ఇంకోవైపు లాక్కుంటున్నాయి.

మధ్యలో ఒక కామెడీ. స్టెడీ విప్పినప్పుడు అక్కడే ఉన్న ఎర్త్ పట్టీ (ఇంజన్ నుంచి కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) తిరిగి పెట్టడం మర్చిపోయా. స్టార్టర్ మూలుగుతోంది, యాక్సిలరేటర్ కేబుల్ ముట్టుకుంటే వేడి! ఎర్త్ దారి దొరక్క కరెంటు కేబుల్ గుండా పోతోందన్నమాట. ఫైబర్ బాడీలో ఎర్త్‌కి వేరే దారి ఎక్కడుంది?

రాకర్ కవర్ (ఇంజన్ పై మూత) మీద టేపు అంటించి కొలిస్తే ముందు 40 మిల్లీమీటర్లు ఊగేది, ఇప్పుడు 8. టక్ లేదు, గేర్ రాడ్ కదలట్లేదు. 2,500 ఆర్‌పీఎం దగ్గర అద్దం మాత్రం ఇంకా కాస్త వణుకుతోంది. "అది అద్దం స్క్రూ" అంటాడు బాబాయి. ఆదివారం వర్షం లేకపోతే చూస్తా.