టీవీ కొత్తది, తీగలు పాతవి

మా పాత డబ్బా టీవీకి సెలవిచ్చి, మొన్న బీసెంట్ రోడ్డుకెళ్లి 43 అంగుళాల ఫోర్‌కే టీవీ తెచ్చాం. షాపులో చూపించిన వీడియోలో చిలక ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. ఇంటికొచ్చి పెడితే వార్తలు చదివే అమ్మాయి మొహం అలికేసినట్టుంది! "డబ్బంతా బూడిదలో పోశావు కదరా" అన్నారు నాన్న.

తప్పు టీవీది కాదు, నాది. సెట్‌టాప్ బాక్సుని అలవాటుకొద్దీ ఎరుపు-తెలుపు-పసుపు తీగలతోనే కలిపా. ఆ పసుపు తీగలో హెచ్‌డీ బొమ్మ రాదు. హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, బాక్సు సెట్టింగ్స్‌లో బొమ్మ రిజల్యూషన్ 1080 చేసి, హెచ్‌డీ ఛానల్ తిప్పాక నాన్న కళ్లజోడు సర్దుకున్నారు. ఇంకేం అనలేదు. (మా నాన్న అనకపోవడమంటే మెచ్చుకున్నట్టే.)

హోమ్ థియేటర్ గోల వేరే. టీవీకి మూడు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా, ఏఆర్‌సీ (ఆడియో రిటర్న్ ఛానల్) అని రాసున్న దాంట్లో పెడితేనే టీవీ శబ్దం వెనక్కి హోమ్ థియేటర్‌కి వెళ్తుంది. గంట పట్టింది అది కనుక్కోడానికి.

చివర్లో అక్క పెళ్లి డీవీడీ వేశాం. అందులో బొమ్మకి ఉండేదే 576 అడ్డగీతలు, ఈ తెరకేమో 2160. మసకగానే వచ్చింది. నేను సెట్టింగ్స్ కెలుకుతుంటే అమ్మ రిమోట్ లాక్కుంది.

"ఉండనీరా, మీ అమ్మమ్మ నవ్వుతోంది చూడు."