చిమ్మట రంగు మార్చుకునే లైను ఏది?

వేసవి సెలవుల్లో మా ఊరి గ్రంథాలయంలో ఇంటర్ పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పడానికి ఒప్పుకున్నాను. సగం మంది ఎంపీసీ, సగం మంది బైపీసీ. మొదటివాళ్ళకు జీవశాస్త్రమంటే బట్టీ పట్టే సబ్జెక్టు. రెండోవాళ్ళకు కంప్యూటర్ తమది కాని విద్య. వడ్డీ లెక్కలు, మార్కుల పట్టికలతో మొదలుపెడితే బైపీసీ వాళ్ళు మర్నాటి నుంచి రారు. అందుకే ఇంగ్లండు చిమ్మటల కథ ఎత్తుకున్నాను.

మామూలుగా తెల్లగా ఉండే ఈ చిమ్మటల్లో 1848లో మాంచెస్టర్‌లో ఒక నల్లది దొరికింది. ఫ్యాక్టరీల మసికి చెట్ల బెరళ్ళు నల్లబడుతున్న కాలం. 1895 నాటికి అక్కడ నూటికి 98 నల్లవే. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పరిసరాలకు తగ్గట్టు రంగు మార్చుకున్నాయి మేడమ్."

కాదనలేదు. ప్రోగ్రాం రాసి చూద్దామన్నాను.

వెయ్యి చిమ్మటల జాబితా, అందులో పది నల్లవి. లూప్ ఒకసారి తిరిగితే ఒక తరం. ప్రతి చిమ్మటకూ కంప్యూటర్ సున్నాకూ ఒకటికీ మధ్య ఏదో ఒక సంఖ్య తీస్తుంది. అది నల్లదానికి 0.6 కన్నా, తెల్లదానికి 0.4 కన్నా తక్కువైతే బతికినట్టు (మసి బెరడు మీద నల్లది పిట్టకు అంత సులువుగా కనబడదు కదా). లేదంటే పిట్ట తినేసినట్టు. బతికినవాటిలో ఏదో ఒకదాన్ని తీసి, దాని రంగుతోనే పిల్లను చేరుస్తూ మళ్ళీ వెయ్యి నింపాలి. (చిమ్మటకు తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారు కదా అని ఒక బైపీసీ అమ్మాయి నిలదీసింది. నిజమే, జన్యువుల జోలికి కావాలనే పోలేదు.) నడిపిస్తే పన్నెండో తరం దగ్గర నల్లవి సగం దాటాయి.

"ఇందులో చిమ్మట రంగు మార్చుకునే లైను ఏది?" అన్నాను. పై నుంచి కింది దాకా చదివారు. లేదు. ఏ చిమ్మటదైనా పుట్టినప్పటి రంగే, మారుతున్నది జాబితా. పరిణామం గురించి నేను ఎంత సేపు ఉపన్యాసం ఇచ్చినా ఇది ఇంత సూటిగా దిగేది కాదు. పాఠంలో గుట్టుగా దాగే అపోహ ప్రోగ్రాంలో దాగలేదు, దానికంటూ ఒక లైను రాయాల్సిందే.

ఎంపీసీ వాళ్ళ తంటా వేరు. జనాభాను 20కి తగ్గించి, నల్లది ఒక్కటే ఉంచారు. ఒకసారి నల్లవి గెలిచాయి, ఇంకోసారి మొదటి తరంలోనే మాయం. ప్రోగ్రాం తప్పని తేల్చేశారు. తప్పేమీ లేదు: పదింట నాలుగు సార్లు ఆ ఒక్కటీ పిట్ట పాలవుతుంది, మేలైన రంగయినా సరే. చిన్న గుంపులో అదృష్టానిదే పెద్ద చేయి.

నల్లవాటికి తెల్లవాటి కన్నా ఒకటిన్నర రెట్ల అవకాశం ఇవ్వడం నా సొంత ఊహ కాదు. ఆ మార్పు అంత వేగంగా జరగాలంటే దాదాపు అంత తేడా ఉండాలని 1924లోనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కాగితం మీద లెక్క కట్టాడు. తర్వాత భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో చనిపోతూ దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు రాసిచ్చాడని చెబితే, అప్పటిదాకా ఫోనులో తల దూర్చినవాళ్ళు కూడా తలెత్తారు.

1956లో బ్రిటన్ స్వచ్ఛ వాయు చట్టం తెచ్చాక తెల్లవి మళ్ళీ పెరిగాయి. అదీ చూపిద్దామని ఒక కుర్రాడు యాభయ్యో తరంలో 0.6నూ 0.4నూ తారుమారు చేశాడు. ఏమీ మారలేదు: అప్పటికే జాబితాలో తెల్లది ఒక్కటీ మిగలలేదు. లేని రంగును ప్రకృతి ఎంచుకోలేదు. వెయ్యి పిల్లల్లో ఒకటి తల్లి రంగు కాకుండా రెండో రంగుతో పుట్టేలా ఇంకో లైను వాళ్ళే చేర్చారు. ఉత్పరివర్తనం అనే మాటను నేను బోర్డు మీద రాసింది ఆ తర్వాతే.