సామాన్యుడు ఒప్పుకునే దాకా ఆగాలా?

అమెరికాలో జాతి వివక్ష గురించి మాట వచ్చినప్పుడల్లా "చట్టాలతో ఏమవుతుందండీ, ముందు మనుషుల మనసులు మారాలి" అని ఎవరో ఒకరు అంటారు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. భగత్ సింగ్ థింద్ కేసు చదివాక ఆ మాట మీద నమ్మకం పోయింది.

థింద్ పంజాబ్ నుంచి వెళ్లిన సిక్కు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకీ ఆఫ్రికన్ సంతతి వాళ్లకీ మాత్రమే పౌరసత్వం. 1922 నవంబరులో తకావో ఒజావా అనే జపనీయుడు నా ఒంటి రంగు తెలుపే కదా అని వాదిస్తే, రంగు లెక్క కాదు, తెల్లవాడంటే కాకేషియన్ (ఐరోపా వాళ్లతో పాటు ఉత్తర భారతీయుల్నీ కలిపి అప్పటి జాతి శాస్త్రం పెట్టిన పేరు) అని సుప్రీంకోర్టు అంది. మూడు నెలలకి థింద్ వంతు వచ్చింది. మీ జాతి శాస్త్రం ప్రకారమే నేను కాకేషియన్‌ని అన్నాడు. అప్పుడు అదే కోర్టు, అదే జడ్జి జార్జ్ సదర్లాండ్ రాసిన తీర్పులో, శాస్త్రం సంగతి పక్కన పెట్టి, తెల్లవాడంటే ఎవరో సామాన్యుడికి తెలుసు, సామాన్యుడు అనుకునేదే లెక్క అని తేల్చేసింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు చాలామంది దాన్ని పోగొట్టుకున్నారు. భారతీయులందరికీ ఆ దారి తెరుచుకునేసరికి 1946 అయింది.

(ఇక్కడ మనవాళ్లు దాటేసే సంగతి ఒకటుంది. థింద్ తరఫు వాదనలో తెల్లవాళ్లకీ మిగతావాళ్లకీ మధ్య ఆ గీత గీయడమే తప్పని లేదు, గీతకి అటువైపు నన్ను నిలబెట్టండి అని ఉంది, అందుకు తన అగ్రకులాన్నే సాక్ష్యంగా చూపించారు. నాకు అది చదివినప్పుడు చాలా బాధేసింది.)

సరే, ఆ సామాన్యుడు ఎప్పుడు మారాడు? 1958లో తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ మధ్య పెళ్లి మీకు సమ్మతమేనా అని గాలప్ అనే సర్వే సంస్థ అడిగితే అవునన్నది 4 శాతం. సరిగ్గా ఆ ఏడాదే వర్జీనియా రాష్ట్రానికి చెందిన తెల్లవాడు రిచర్డ్ లవింగ్, నల్లజాతి అమ్మాయి మిల్డ్రెడ్ రాజధాని వాషింగ్టన్ వెళ్లి పెళ్లి చేసుకుని వచ్చారు. వర్జీనియా చట్టం ప్రకారం అలాంటి పెళ్లి నేరం. అర్ధరాత్రి పోలీసులు పడగ్గదిలోకి వచ్చి పట్టుకెళ్లారు. ఏడాది జైలు, లేదా పాతికేళ్లు రాష్ట్రంలో కలిసి అడుగుపెట్టకూడదు. 1967 జూన్ 12న సుప్రీంకోర్టు జడ్జిలు తొమ్మిదిమందీ ఒక్కమాటగా ఆ చట్టం చెల్లదన్నారు, దాంతో అలాంటి నిషేధం ఉన్న 16 రాష్ట్రాల్లోనూ అది పోయింది. ఆ మరుసటి ఏడు గాలప్ మళ్లీ అడిగితే అవునన్నది 20 శాతమే. అంటే కోర్టు సామాన్యుడి కోసం ఆగలేదు. ఆగి ఉంటే లవింగ్ దంపతులు ఇంకో ముప్పై ఏళ్లు ఊరికి దూరంగా బతకాలి, ఎందుకంటే సగానికి పైగా జనం అవుననడానికి 1990లు రావాల్సి వచ్చింది. 2021లో ఆ లెక్క 94 శాతం. జనం మారారు, నిజమే, కానీ న్యాయం ముందు నడిచింది, జనం వెనక నుంచి వచ్చారు. అలబామా రాష్ట్ర రాజ్యాంగంలో ఆ నిషేధపు వాక్యం, అప్పటికే చెల్లనిదైనా, 2000 దాకా అలాగే ఉండిపోయింది. తీసేద్దామా అని ఓటింగ్ పెడితే దాదాపు 40 శాతం మంది వద్దన్నారు.

ఈ 40 శాతం నన్ను వదలదు. ఎందుకంటే అమెరికాలో సామాన్యుడు ఓటరు మాత్రమే కాదు, జ్యూరీలో కూర్చుని ఇంకొకడి బతుకు తేల్చేదీ అతనే. 1955లో మిసిసిపీ రాష్ట్రంలో ఎమెట్ టిల్ అనే 14 ఏళ్ల నల్లజాతి పిల్లవాణ్ణి చంపిన ఇద్దరు తెల్లవాళ్లని పన్నెండుమంది తెల్లవాళ్ల జ్యూరీ గంటకి కాస్త పైగా చర్చించి వదిలేసింది. జ్యూరీ సభ్యుల్ని ఓటర్ల జాబితా నుంచి తీసేవారు, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఒక్క నల్లవాడికీ ఓటు లేదు. మేమే చంపాం అని ఆ ఇద్దరూ కొన్ని నెలలకే ఒక పత్రికకి చెప్పుకున్నారు. ఒకసారి నిర్దోషులన్నాక అదే నేరానికి మళ్లీ విచారించకూడదు కాబట్టి ఏమీ చేయలేకపోయారు.

అదంతా పాత కథ అనేవాళ్లకి కర్టిస్ ఫ్లవర్స్ అనే నల్లజాతి మనిషి పేరు చెప్పాలి. అదే మిసిసిపీ. ఒకే హత్య కేసులో ఒకే ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) ఆయన్ని ఆరుసార్లు విచారణకి లాగాడు. విచారణకి ముందు జ్యూరీకి పిలిచినవాళ్లని లాయర్లు ప్రశ్నలడిగి, కొందరిని వద్దని తీసేయించవచ్చు. రంగు చూసి జ్యూరీ నుంచి తీసేయకూడదని 1986లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కాబట్టి ఏదో ఒక వేరే కారణం చూపిస్తే చాలు. ఆరో విచారణ 2010లో, ఒబామా అధ్యక్షుడిగా ఉండగా జరిగింది. తీసేసిన ఐదుగురు నల్లవాళ్లని ఆ ప్రాసిక్యూషన్ మొత్తం 145 ప్రశ్నలు అడిగింది. జ్యూరీలో కూర్చోబెట్టిన పదకొండుమంది తెల్లవాళ్లని కలిపి 12 అడిగింది. 2019లో సుప్రీంకోర్టు ఈ అంకెలే చూపించి ఆ తీర్పు కొట్టేసింది, మరుసటి ఏడు కేసే ఎత్తేశారు. అప్పటికి ఆయన దాదాపు 23 ఏళ్లు జైల్లో గడిపాడు.