జొన్న రొట్టె: 14 సెంటీమీటర్ల దగ్గర ఆగిన బండి

మళ్లీ పగిలింది. చేత్తో కొడుతుంటే ఈసారీ సరిగ్గా 14 సెంటీమీటర్ల వెడల్పు దగ్గరే. అంతదాకా బుద్ధిగా సాగుతుంది, అక్కడికి రాగానే అంచు చుట్టూ నెర్రెలు. నెర్రె ఉంటే రొట్టె పొంగదు, ఆవిరంతా అందులోంచే పోతుంది.

ముప్పై దాటాక నేర్చుకుంటున్న పనుల్లో చొక్కా గుండీ, సైకిల్ పంక్చర్, పప్పు, చపాతీ అయిపోయాయి. మెస్ డబ్బా మానాలంటే మిగిలింది ఇదొక్కటే. మహారాష్ట్రలో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఉంటూ జొన్న రొట్టె రాకపోతే ఎట్లా?

ఒక రొట్టెకు 80 గ్రాముల పిండి. నీళ్లు 60 మి.లీ. పోస్తే 12 సెంటీమీటర్లకే చీలింది. 75 పోస్తే చీలలేదు కానీ పరాతకు (రొట్టె కొట్టే వెడల్పాటి పళ్లేనికి) అతుక్కుని లేవనే లేదు. 68 దగ్గర కుదిరింది, అదీ 14 దాకానే. గోరువెచ్చటి నీళ్లతో 10 కూడా దాటలేదు. గోధుమ పిండిని సాగేలా చేసే గ్లూటెన్ జొన్నలో ఉండదు, పిండిని పట్టి ఉంచేది ఉడికిన గంజి జిగటే. అందుకే ఇప్పుడు మసిలే నీళ్లలో సగం పిండి వేసి, గరిటెతో తిప్పి, 5 నిమిషాలు మూత పెట్టి, ఆ తర్వాత మిగతా పిండి కలిపి అరచేత్తో రుద్దడం.

ప్యాకెట్ పిండితో మొదటి వారం దండగ. పాతబడ్డ పిండిలో జిగట చచ్చిపోతుంది, చేదు కూడా వస్తుంది. మాల్దండి రకం జొన్నలు కిలో గిర్నిలో (పిండి మరలో) పట్టిస్తే ఒక్కరోజులో 2 సెంటీమీటర్లు లాభం. వేళ్ల మధ్య రవ్వలా తగిలితే మొహమాటపడకుండా మళ్లీ పట్టించాలి. వానాకాలం హైబ్రిడ్ జొన్న చౌకే, కానీ రొట్టెకు పనికిరాదని నా పట్టుదల.

నాన్‌స్టిక్ పెనం పక్కన పెట్టేశాను, బరువైన ఇనుప పెంకే కావాలి. పొడి పిండి అంటిన వైపు పైకి వేసి, తడి చేత్తో రాసి, నీటి మెరుపు పోయి చెమ్మ ఇంకా ఉండగానే తిప్పాలి. నా పొయ్యి మీద అది 20 సెకన్లు. 35 అయితే పైపొర ఎండి పగులుతుంది. ఈ ముక్క వచ్చేసింది.

అంచు మాత్రం రాలేదు. స్కేలు పెట్టి చూస్తే నడుమ పలచన, అంచు మందం. నడిమిలోనే కొడుతున్నాను, పొడి పిండంతా అంచుకు చేరి తడి లాగేస్తోంది. ఎడమ చెయ్యి గోడలా అంచుకు ఆనించి తిప్పుతూ కొడితే 6లో 2 రొట్టెలు 17 సెంటీమీటర్లు వచ్చాయి, పూరీల్లా పొంగాయి! ఆ రెండూ ఏవో రాసిపెట్టుకున్న కాగితంలో ఉంది: ఒకటోది, రెండోది. తర్వాతి నాలుగూ వరసగా పగిలాయి. ఆరు ముద్దలూ ఒకేసారి రుద్ది పెట్టుకుంటున్నాను కదా, చివరిది పరాతలోకి వచ్చేసరికి 20 నిమిషాలు దాటుతోంది. అది బిగుసుకుపోతోందని అనుమానం.

రేపు ఏ ముద్దకా ముద్ద కొట్టే ముందే చెంచాడు నీళ్లతో రుద్ది చూడాలి. ఆరోది కూడా 17 దాటితే భోగికి నువ్వులద్దిన సజ్జ రొట్టె. సజ్జ పిండి ఇంకా తొందరగా చేదెక్కుతుంది కాబట్టి అర కిలోనే పట్టిస్తాను. పక్కకు పుంటికూర, ధర్మాబాద్ ఎర్ర మిరప కారం.