డైనమో మార్చాలన్నారు, తీరా చూస్తే ఎర్త్ వైరు

మా కారు పాతది. కొన్నాళ్లుగా సెల్ఫ్ బరువుగా తిరిగేది. రెండు రోజులు తీయకుండా ఉంచితే అసలు తిరిగేదే కాదు. ఇంకో వింత కూడా ఉండేది. రాత్రి హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు కాస్త పైకి జరిగేది, ఆపగానే దిగేది. లైట్లకూ ఇంజిన్ వేడికీ ఏం సంబంధం?

మెకానిక్ బండి స్టార్ట్ చేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూశాడు. 13.1 ఉంది. మామూలుగా 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. "డైనమో పోయింది, మార్చేద్దాం సార్" అన్నాడు. ఇంజిన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసేది డైనమోనే. ఆ అంకె చూస్తే ఎవరైనా అదే అంటారు. నాకు మాత్రం ఆ ముల్లు సంగతి తేలలేదు. అందుకే పార్టు కొనకముందే డిజిటల్ మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నాను.

ఇంజిన్ నడుస్తుండగా, తిరిగే బెల్టుకు చెయ్యి తగలకుండా, మీటరు వైరు ఒకటి డైనమో వెనకాల లావు వైరు బిగించిన బోల్టుకు, రెండోది డైనమో బాడీకి ఆనించాను. 14.2 చూపించింది. అంటే డైనమో బాగానే ఉంది, ఒక వోల్టుకు పైగా దారిలో పోతోంది. బోల్టు నుంచి బ్యాటరీ ప్లస్‌కు కొలిస్తే 0.1 మాత్రమే. డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలిస్తే పూర్తిగా ఒక వోల్టు!

మా బండిలో బ్యాటరీ మైనస్ కారు బాడీకి బిగించి ఉంటుంది. అక్కడి నుంచి ఇంజిన్‌కు అల్లిన రాగి పట్టీ ఒకటి వెళ్తుంది. అదే ఎర్త్. సెల్ఫ్ లాగే కరెంటూ, డైనమో ఇచ్చే కరెంటూ అంతా దాని మీదుగానే తిరిగి రావాలి. విప్పి చూస్తే చివర ఉన్న కన్ను కింద పచ్చగా చిలుము పట్టింది, సగం పోగులు తెగిపోయాయి. విచిత్రమేమిటంటే, మీటరును ఓమ్స్‌లో (కరెంటుకు ఎదురయ్యే అడ్డును చూపేది) పెట్టి కొలిస్తే అదే పట్టీ సున్నా చూపించింది. మీటరు పంపే కరెంట్ చాలా కొంచెం, దానికి మిగిలిన నాలుగు పోగులూ చాలు. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు ఓములో నూరో వంతు అడ్డు ఉన్నా ఒకటిన్నర వోల్టు పోతుంది. అందుకే ఇలాంటి తప్పును లోడ్ మీదే, అంటే కరెంటు గట్టిగా పారుతుండగానే కొలవాలని నేను గట్టిగా చెబుతాను.

అంతే లావు, అంతే పొడవు ఉన్న కొత్త పట్టీ తెచ్చి, బాడీ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించాను. బ్యాటరీ దగ్గర 14.1 వచ్చింది, సెల్ఫ్ చురుగ్గా తిరిగింది. ముల్లు కూడా కదలడం మానేసింది. మీటర్ బోర్డు ఎర్త్ కారు బాడీకి, టెంపరేచర్ సెన్సర్ ఎర్త్ ఇంజిన్‌కు ఉంటాయి. లైట్ల కరెంట్ ఆ పాడైన పట్టీలో పారగానే రెంటి మధ్య తేడా వచ్చి ముల్లును లేపేది.

అయినా రెండు రోజులు ఆపితే బ్యాటరీ దిగిపోతూనే ఉంది. అది వేరే తప్పు.

ఇంజిన్ ఆపి, తాళంచెవి బయటికి తీసి, తలుపులు మూసి, మైనస్ వైరు విప్పి మధ్యలో మీటరు పెట్టాను, పది ఆంపియర్ల సాకెట్‌లో. (ఇలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు ఫ్యూజు పోతుంది.) కాసేపు ఆగాక కూడా 0.4 ఆంపియర్లు. మామూలుగా 0.05 దాటకూడదు. రోజుకు దాదాపు పది ఆంపియర్ అవర్లు కారిపోతున్నట్టు! ఒక్కో ఫ్యూజు తీస్తూ వెళ్తే, స్టీరియో, సాకెట్ల ఫ్యూజు దగ్గర రీడింగ్ పడిపోయింది. ఫ్యూజు తిరిగి పెట్టి, ఆ లైన్ రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్) స్క్రూడ్రైవర్ పిడితో తట్టగానే టక్కుమని వదిలింది. లోపల పాయింట్లు అతుక్కుపోయి, తాళంచెవి తీసినా లైన్ ఆన్‌లోనే ఉంటోంది.

రిలే కొనేటప్పుడు జాగ్రత్త. పైకి ఒకేలా ఉన్నా పిన్నుల వరస మారుతుంది, కొన్నింట్లో స్విచ్‌ను లాగే కాయిల్‌కు (తీగ చుట్టకు) అడ్డంగా డయోడ్ ఉంటుంది, అది కరెంటును ఒకవైపే పోనిస్తుంది. అలాంటిది కాయిల్ పిన్నులైన 85, 86 తారుమారైన చోట పెడితే కాలిపోతుంది. పాతదాని మీది నంబరు, పక్కన గీసిన బొమ్మ పోల్చి అలాంటిదే తెచ్చాను. పెట్టాక మీటరు 0.03 చూపించింది. బ్యాటరీని బయట చార్జర్ మీద నిండుగా ఎక్కించాను. డైనమో పాతదే నడుస్తోంది.