మాస్కు కుదిరేదాకా

నా గురకకు ఇంట్లో అందరూ నవ్వేవాళ్లే గానీ, మధ్యలో ఊపిరి ఆగుతోందని కనిపెట్టింది మా ఆయన. "ఉన్నట్టుండి సద్దు ఆగిపోతాది, నాకు గుండె జారిపోతాది, అంతలో నువ్వే గబుక్కున ఊపిరి తీస్కుంటావు" అన్నాక, అనంతపురం నుంచి బెంగళూరు పోయి నిద్ర పరీక్ష చేయించుకున్నా. గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గిపోవడమో జరుగుతోందట, 30 దాటితేనే తీవ్రమని లెక్క. సీప్యాప్ మిషన్ రాశారు, అంటే నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపేది.

మిషన్‌తో పెద్ద ఇబ్బంది లేదు, గాలి ప్రెషర్ 4 దగ్గర మొదలై మెల్లగా 10కి పెరిగేలా పెట్టారు. నన్ను ఏడిపించింది మాస్కే. మొదటిది ముక్కూ నోరూ కప్పేది, పైనుంచి గాలి లీకై కళ్లలోకి కొట్టేది, పట్టీలు బిగిస్తే లీకు ఇంకా ఎక్కువయ్యేది, పొద్దునకు ముక్కు దూలం మీద ఎర్రటి గీత. కూర్చుని సర్దుకోకూడదని తర్వాత తెలిసింది. పడుకుని, మిషన్ ఆన్ చేసి, గాలి వచ్చేటప్పుడు మాస్కును కొంచెం ముందుకు లాగి వదిలితే అదే కుదురుకుంటుంది, పట్టీలు వదులుగానే ఉండాలి.

రెండోది ముక్కు రంధ్రాలకు ఆనించే చిన్న పిల్లోస్. బరువే లేదు, ఎంత సంతోషపడ్డానో! కానీ నా ముక్కుపుడక లోపలి మర సరిగ్గా అక్కడే తగిలి, ఒకపక్క సుయ్‌మని గాలి పోయేది. పుడక తీసేయమన్నాడు షాపు అబ్బాయి. పెళ్లిలో మా అమ్మ పెట్టింది, తీయబుద్ధి కాలేదు. మనవైపు ఇంతమంది ఆడవాళ్లు పుడక పెట్టుకుంటారే, మాస్కు ఇచ్చేముందు ఒక్క మాట అడగొచ్చు కదా. మూడోది ముక్కు ఒక్కటే కప్పేది, చిన్న సైజు. పుడక లోపలే ఉండిపోయింది, అంచు చెంపల మీద మెత్తగా ఆనింది, సద్దు లేదు.

అలవాటు కోసం పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకునేదాన్ని. జడ పక్కకు వేసుకోకపోతే వెనక పట్టీ జడ మీదికెక్కి మాస్కును లాగేస్తుంది. ముఖం జిడ్డు అంటితే లీకే, అందుకని ముఖానికి ఆనే మెత్తటి కుషన్ రోజూ సబ్బునీళ్లతో కడుగుతా. మన ఊరి పొడిగాలికి ముక్కు ఎండి నోరు తెరుచుకునేది, మిషన్‌కుండే నీళ్ల డబ్బాలో డిస్టిల్డ్ వాటర్ పోసి తేమ పెంచాక ఆ బాధ పోయింది. ఈ దుమ్ముకు ఫిల్టర్ కూడా తొందరగా నల్లబడుతుంది, చూసుకుంటూ ఉండండి.

నెలన్నర పట్టింది. ఇప్పుడు రాత్రికి ఆరు గంటలు పెట్టుకుంటున్నా, 38 ఉన్న చోట మిషన్ 3 చూపిస్తోంది. మొన్న మధ్యాహ్నం మాస్కు లేకుండా కునుకు తీస్తుంటే మా ఆయనే తట్టి లేపి, "అది పెట్టుకోని పండుకోవే" అన్నాడు.