మా తెలుగు సంఘం పెట్టెలు కౌంటీ ఆర్కైవ్‌కి ఎలా చేరాయంటే

ఇంగ్లండ్‌లో రెడింగ్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ల చిన్న సంఘం మాది. కార్యదర్శి మారినప్పుడల్లా పాత కార్యదర్శి ఇంటి నుంచి కొత్తాయన ఇంటికి అట్టపెట్టెలు కదిలేవి. ఉగాది కరపత్రాలు, మినిట్స్ పుస్తకాలు, హాలు అద్దె రసీదులు, ఫొటో ఆల్బమ్‌లు, వీడియో క్యాసెట్లు. నా వంతు వచ్చేసరికి మా గరాజ్‌లో చెమ్మ. అక్కడే ఉంచితే బూజు పట్టడం ఖాయం.

మా కౌంటీ ఆర్కైవ్‌కి, అంటే జిల్లా పాత రికార్డులు భద్రపరిచే సంస్థకి, ఇద్దామంటే కమిటీలో ఒకాయన నవ్వారు. "ప్రభువుల దస్తావేజులు దాచే చోట మన పులిహోర లెక్కలెందుకండీ?" అన్నారు.

ఆయన అన్నదాంట్లో సగం నిజమే. 1948లో బర్క్‌షైర్ రికార్డ్ ఆఫీసుగా మొదలైన ఈ సంస్థ పేరు ఇప్పుడు రాయల్ బర్క్‌షైర్ ఆర్కైవ్స్. 1998లో కౌంటీ కౌన్సిల్ రద్దయినా ఇది ఆగలేదు. ఆ జిల్లాను పంచుకున్న ఆరు కౌన్సిళ్ల తరఫున రెడింగ్ కౌన్సిల్ నడుపుతోంది. చర్చి రిజిస్టర్లు, రచయిత ఆస్కార్ వైల్డ్ 1895 నుంచి 1897 దాకా ఖైదీగా ఉన్న రెడింగ్ జైలు రికార్డులు, బ్రాడ్‌మూర్ మానసిక వైద్యశాల కాగితాలు ఇక్కడే ఉన్నాయి. ఎంగిల్‌ఫీల్డ్ ఎస్టేట్ బెన్యన్ కుటుంబానివి కూడా. ఆ కుటుంబంలోని రిచర్డ్ బెన్యన్ 1735 నుంచి 1744 దాకా మద్రాసులో ఈస్టిండియా కంపెనీ గవర్నరు. "మన వైపు వెళ్లొచ్చినాయన కుటుంబం కాగితాలున్న చోట, మన వైపు నుంచి వచ్చినవాళ్ల కాగితాలుంటే తప్పేంటి?" అన్నాను. తీర్మానం పాసైంది.

ఈమెయిల్ పెడితే, పెట్టెలు ఇప్పుడే తేవద్దు, ముందు జాబితా పంపండి అన్నారు. ఏ సంవత్సరాలవి, ఎన్ని పెట్టెలు, తడిసినవి ఉన్నాయా, హక్కు ఎవరిది? ఈ చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువ టైం పట్టింది. కాగితాలు సంఘానివే, ఫొటోలు తీసింది మాత్రం ఎవరెవరో. ఆల్బమ్ మన దగ్గరున్నా కాపీరైట్ తీసినవాళ్లదే. వాళ్లలో కొందరు అమెరికా వెళ్లారు, కొందరు హైదరాబాద్ తిరిగి వెళ్లారు. వాట్సాప్‌లో ఒక్కొక్కరినీ పట్టుకుని అనుమతి అడిగాం. దొరకనివాళ్ల ఫొటోలనూ తీసుకున్నారు గానీ, అనుమతి లేదని విడిగా రాసుకున్నారు.

ఇవ్వడంలో రెండు పద్ధతులున్నాయి. పూర్తిగా ఇచ్చేయడం ఒకటి, హక్కు మన దగ్గరే ఉంచుకుని దాచమని అప్పగించడం ఇంకొకటి. దీని మీద కమిటీలో పెద్ద చర్చే నడిచింది. నా మటుకు ఇచ్చేయడమే మేలు. మన సంఘాలు ఎప్పుడు రెండుగా చీలతాయో తెలీదు. అప్పుడు పెట్టె ఎవరిదన్న పంచాయితీలోకి పాపం ఆర్కైవ్‌వాళ్లని కూడా లాగుతాం. చివరికి ఇచ్చేశాం.

వాళ్లు ఏరిన తీరు నాకు ఆశ్చర్యం వేసింది. అమెరికా తెలుగు మహాసభల సావనీర్లు అందంగా ఉన్నాయి, ఈ జిల్లాతో సంబంధం లేదని వద్దన్నారు. పడేద్దామనుకున్న హాలు రసీదులను మాత్రం అడిగి తీసుకున్నారు. ఏ చర్చి హాల్లో, ఏ స్కూల్లో ఉగాది జరిగిందో, అద్దె ఎంతో వాటిలోనే ఉంది కదా. తేదీల ప్రకారం సర్ది ఇవ్వనా అని అడిగితే వద్దన్నారు. ఎవరు దేన్ని దేనితో కలిపి దాచారన్నది కూడా సమాచారమేనట.

తుప్పు పట్టిన పిన్నులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, ప్లాస్టిక్ కవర్లు తీసేశాం. అతికిన సెలోటేపు జోలికి వెళ్లొద్దన్నారు, అది వాళ్లే చూసుకుంటారు. ఫొటోల వెనక పేర్లు పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. తొలి లెక్కల పుస్తకం మొదటి పేజీలో "శ్రీరామ", నాలుగు మూలలా పసుపు. ఆ మరక ఏమిటని ఆర్కివిస్టు అడిగారు. చెప్పాక అది తుడిచేది కాదని, వివరణలో రాసుకున్నారు. తెలుగులో ఉన్న ప్రతిదానికీ ఇంగ్లీషులో రెండు మూడు లైన్లు రాసివ్వడం మా పని. శని, ఆదివారాలన్నీ అందులోనే పోయాయి. డిజిటల్ ఫొటోలైతే వాట్సాప్‌లో వచ్చినవి కాదు, కెమెరాలోంచి తీసిన అసలు ఫైళ్లే కావాలి.

నాకు టెన్షన్ పెట్టినవి సభ్యత్వ ఫారాలు. ఫోన్ నంబర్లు, పిల్లల పుట్టిన తేదీలు అన్నీ ఉన్నాయి. బతికున్నవాళ్ల వివరాలకు చట్టరక్షణ ఉంది. మనిషి ఆయుష్షు నూరేళ్లనుకుని లెక్కేస్తారు. వయసు తెలియని పెద్దవాళ్లవైతే పదహారేళ్లుంటాయనుకుని 84 ఏళ్లు, పిల్లలవైతే 100 ఏళ్లు మూసి ఉంచడం ఇక్కడి ఆర్కైవ్‌ల వాడుక. మన దగ్గర శతమానం భవతి అని దీవిస్తాం, వీళ్లు దాన్ని రూల్‌గా పెట్టుకున్నారు.

అప్పగించాక ఒక నంబరుతో రసీదు ఇచ్చారు. ఆ నంబరు పడితే పని అయిపోయినట్టు కాదు, కేటలాగు తయారవడానికి చాలాకాలం పట్టొచ్చు. తయారయ్యాక ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతికి, రీడింగ్ రూములో ఉచితంగా చూడొచ్చు. లోపలికి బ్యాగూ పెన్నూ తీసుకెళ్లనివ్వరు, పెన్సిల్ ఒక్కటే. సినిమాల్లోలా తెల్ల గ్లవ్స్ ఉండవు. కాగితాలకు శుభ్రమైన చేతులే మంచివి, గ్లవ్స్ ఫొటోలకు.

ఇకనుంచి ఏటా మినిట్స్, కరపత్రం, కొన్ని ఫొటోలు పంపుతామని ఒప్పుకున్నాం. వేరే ఊళ్లలోని సంఘాలవాళ్లు తమ కౌంటీ ఆర్కైవ్ ఏదో నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పెట్టెలు మోసుకెళ్లే ముందు ఈమెయిల్ మాత్రం పెట్టండి.